బీటెక్‌లోనే పరిశోధన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోని చిన్న ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు డిగ్రీ చేతికి రాకముందే పరిశోధన చేయాలనుకుంటే దారి ఏమిటన్నది ఆ విషయం. నాలుగు ఉత్తరాలను ఎంచుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, ఎందుకంటే మిగతావాళ్లు అడిగినదాంట్లో సగం అందులోనే ఉంది.

ప్రశ్న: నేను గుంతకల్లు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా బ్రాంచిలో ఒకటే సెక్షన్. మా బ్యాచ్ నలుగురం కలిసి, ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పే ప్రాజెక్టు చేశాం. 98 శాతం కచ్చితత్వం వచ్చింది. సీనియర్ ఒకరు పరిచయం చేసిన ఏజెంటు, 3,500 రూపాయలు కడితే వారంలో జర్నల్‌లో పేపర్ వేయిస్తానంటున్నాడు. ఇంట్లో డబ్బు అడిగే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. మేము చేసినది పరిశోధనేనా? కాకపోతే మా లాంటి కాలేజీలో ఉండి అసలైన పరిశోధన చేసే అవకాశం ఎక్కడ దొరుకుతుంది?
— ఒక విద్యార్థిని, అనంతపురం జిల్లా

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. ఆ 3,500 రూపాయలు కట్టకండి. వచ్చిన పేపర్‌ను ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదివి, తప్పులు ఎత్తిచూపి, సవరించి పంపమని అడిగి, ఆ తర్వాతే అచ్చువేయడం మంచి జర్నళ్ల పద్ధతి. అందుకు నెలలు పడుతుంది. వారంలో వేసేస్తామన్నారంటే అక్కడ చదివేవారు ఎవరూ లేరన్నమాట. కంప్యూటర్లు, కామర్స్, ఆయుర్వేదం, సాహిత్యం అన్నీ ఒకే సంచికలో కనిపించినా, రుసుమును ఎవరో వ్యక్తి పేరున ఉన్న యూపీఐ నంబరుకు పంపమన్నా ఇక ఆలోచించనవసరం లేదు. అలాంటి పేపర్‌తో మేలు జరగకపోగా, రేపు మీరు మంచి సంస్థలో ఎంఎస్ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, దరఖాస్తులో ఆ జర్నల్ పేరు చూసినవాళ్లు మొదటి ప్రశ్న దాని మీదే వేస్తారు.

ఇక మీరు చేసినది పరిశోధనేనా అన్న ప్రశ్న. మీరు డేటాసెట్ (శిక్షణకు వాడిన ఫొటోల సేకరణ) పేరు రాయలేదు కానీ, ఆకు తెగుళ్ల ప్రాజెక్టులు చేసే బ్యాచ్‌లు సాధారణంగా వాడేది ప్లాంట్‌విలేజ్ కాబట్టి మీదీ అదే అయి ఉంటుందనుకుంటున్నాను. అందులో 14 పంటలకు చెందిన 54,306 ఫొటోలు ఉన్నాయి. ఆకును కోసి, ఏ గందరగోళమూ లేని సాదా నేపథ్యం మీద పెట్టి తీసిన ఫొటోలవి. 2016లో మొహంతీ, హ్యూస్, సలాతే అనే ముగ్గురు పరిశోధకులు వాటితో మోడల్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాంకు, శిక్షణ ఇచ్చి 99.35 శాతం కచ్చితత్వం వచ్చిందని ప్రకటించారు. మీ 98 శాతం దానికి దగ్గరి చుట్టమే. అయితే అదే పేపర్‌లో ఇంకో అంకె కూడా ఉంది. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో దాన్ని ఎవరూ ఎత్తరు. వేరే పరిస్థితుల్లో, వేరేవాళ్లు తీసిన ఫొటోలను ఆ మోడల్‌కు చూపిస్తే కచ్చితత్వం 31 శాతం చిల్లరకు పడిపోయింది. ఆ సంగతిని వాళ్లు దాచిపెట్టకుండా కొలిచి రాశారు. మీరు 98 వచ్చినచోట ఆగిపోయారు; అది ఎందుకు వచ్చిందో, ఎక్కడ రాదో అడగలేదు. కాబట్టి ఇప్పటికి మీది మంచి ప్రాజెక్టు. పరిశోధన కావడానికి ఇంకొంత దూరం ఉంది, ఆ దూరం మీరు అనుకుంటున్నంత ఎక్కువేమీ కాదు.

ముందుగా మీ కోడ్ తెరిచి ఒక విషయం చూసుకోండి. ప్లాంట్‌విలేజ్‌లో చాలాచోట్ల ఒకే ఆకును అటూ ఇటూ తిప్పి తీసిన ఫొటోలు ఉంటాయి. మీరు మొత్తం ఫొటోలను కలిపేసి, 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు అని విడదీసి ఉంటే, ఒకే ఆకు తాలూకు ఒక ఫొటో ఇటు, మరొకటి అటు పడి ఉంటాయి. ముందు రోజే చేతికందిన ప్రశ్నపత్రంతో పరీక్ష రాసినట్టే అవుతుంది. 2016 నాటి పరిశోధకులు ఈ ప్రమాదాన్ని గుర్తించి, ఒకే ఆకు ఫొటోలని తెలిసినవన్నీ ఒకే వైపు ఉండేలా జాగ్రత్తపడ్డారు. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఒక బ్యాచ్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఫొటోలను కుడిఎడమలు తిప్పి, వెలుతురు మార్చి, మూడింతలు చేసుకున్నాక అప్పుడు విడదీసింది. అంకె 99 దాటింది. ఆ సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో మిఠాయిలు పంచారు, నేనూ రెండు తిన్నాను. కొన్నాళ్ల తర్వాత ఆ బ్యాచ్‌లో అంతగా నోరు విప్పని ఒక అమ్మాయి, మోడల్ తప్పు చెప్పినవి ఎలాంటి ఫొటోలో చూద్దామని ఒక్కొక్కటే తెరిచి, పక్కన శిక్షణ ఫొటోలు పెట్టుకుని పోల్చుతూ, "సార్, ఈ ఆకు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది, కొన దగ్గర చిరుగు చూడండి" అని చూపించింది. ముందు విడదీసి, ఆ తర్వాత శిక్షణ ఫొటోలను మాత్రమే పెంచి మళ్లీ నడిపితే అంకె బాగా దిగింది. మిగతా ముగ్గురి ముఖాలు చిన్నబోయాయి. ఆ అమ్మాయి ఆ మధ్యాహ్నం చేసిన పనిని మాత్రం నేను నిస్సందేహంగా పరిశోధన అంటాను.

మీకు ఇంకో సౌకర్యం ఉంది. ప్లాంట్‌విలేజ్‌లోని 14 పంటల్లో టమాటా, బంగాళాదుంప, ద్రాక్ష, మొక్కజొన్న ఉన్నాయి, యాపిల్, స్ట్రాబెర్రీ కూడా ఉన్నాయి, వేరుశనగ లేదు. అనంతపురం జిల్లాలో కూర్చుని, కిటికీలోంచి కనిపించే పంటను వదిలేసి, జిల్లాలో సాధారణంగా ఎవరూ వేయని స్ట్రాబెర్రీ ఆకుకు ఏం జబ్బు చేసిందో కనిపెట్టే ప్రాజెక్టులు మన దగ్గర ఎన్ని జరిగాయో లెక్కలేదు. వేరుశనగకు వచ్చే తిక్క ఆకుమచ్చ తెగులులోనే రెండు రకాలున్నాయి. ముందుగా వచ్చే రకంలో ఆకు పైభాగాన గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ పసుపు వలయం కనిపిస్తాయి. ఆలస్యంగా వచ్చే రకంలో మచ్చ నల్లగా ఉంటుంది, ఆకు అడుగుభాగాన స్పష్టంగా తెలుస్తుంది. రైతు ఫోన్‌తో ఫొటో తీస్తే పైనుంచే తీస్తాడు, ఆకును తిప్పి తీయడు. మరి పైనుంచి తీసిన ఫొటో ఒక్కటే చూసి ఈ రెండు రకాలనూ వేరుచేయడం మోడల్‌కు సాధ్యమేనా? రెండు వైపులా చూపిస్తే ఎంత మెరుగవుతుంది? దీనికి పెద్ద ల్యాబు అవసరం లేదు; ఒక ఫోన్, ఒక చేను, ఓపిక కావాలి.

పైరు నెల దాటాక మచ్చలు మొదలవుతాయి కాబట్టి, ఖరీఫ్‌లో వేసిన చేలలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తిరగండి. ఒక్కో ఆకును రెండు వైపులా తీయండి. ఫొటో ఏ ఊరిది, ఏ చేను, ఏ తేదీ, ఎండలోనా నీడలోనా అన్నది పుస్తకంలో రాసుకోండి. తెగులు ఆకులన్నీ ఒక చేనులో, ఆరోగ్యంగా ఉన్నవన్నీ ఇంకో చేనులో తీశారో, మోడల్ తెగులును వదిలేసి వెనకాల మట్టి రంగును నేర్చుకుంటుంది; ఎర్రనేల అయితే ఒక జవాబు, నల్లరేగడి అయితే ఇంకో జవాబు చెబుతుంది. ఏ ఆకుకు ఏ తెగులు అన్నది మీరు నిర్ణయించకండి. గ్రామంలోని వ్యవసాయ సహాయకుల్ని అడగండి. వీలైతే కదిరి వ్యవసాయ పరిశోధన స్థానానికి మీ అధ్యాపకుడి ఉత్తరంతో వెళ్లండి. వేరుశనగలో కదిరి రకాలంటే తెలియని రైతు ఉండడు, అవి పుట్టింది ఆ స్థానంలోనే. 200 ఆకులతో మొదలుపెట్టవచ్చు. అయితే 200లో 140 సరిగ్గా చెప్పిందని "70 శాతం" అని రాసి ఊరుకోకూడదు; అంత చిన్న లెక్కలో అటూ ఇటూ ఆరు శాతం దాకా తేడా ఉండవచ్చని కూడా రాయాలి. రెండు మోడళ్ల మధ్య రెండు శాతం తేడా వస్తే ఒకటి గొప్పదని చెప్పడానికి అప్పుడు నోరు రాదు, రాకూడదు కూడా.

కాలేజీ బయటి అవకాశాల గురించి అడిగారు. బెంగళూరు, దిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్న మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. ఎంపికైనవారు రెండు నెలల పాటు దేశంలోని ఏదైనా సంస్థలో ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తారు. నెలనెలా భృతి, రానుపోను రైలు ఛార్జీ ఇస్తారు. వేసవికి నెలల ముందే, చలికాలం నాటికే దరఖాస్తుల గడువు ముగిసిపోతుంది కాబట్టి, సంక్రాంతి సెలవుల్లో చూసుకుందాంలే అనుకునేవాళ్లకు అది దొరకదు. ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్ వంటివి బయటి కాలేజీల విద్యార్థులకు విడిగా వేసవి ఇంటర్న్‌షిప్‌లు ప్రకటిస్తాయి. ఇంత దూరం పోకుండా ముందు దగ్గర్లో ఉన్నవి చూడండి. అనంతపురంలో జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి; కర్నూలు శివారున జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ డీఎం, ఇడుపులపాయలో ఆర్‌జీయూకేటీ, తిరుపతిలో ఐఐటీ ఉన్నాయి. శనివారం పొద్దున బస్సెక్కి వెళ్లి ఒక అధ్యాపకుడిని కలిసి సాయంత్రానికి ఇంటికి చేరగలిగిన చోటు, రెండు నెలల ఫెలోషిప్ కంటే కొందరికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఈమెయిల్ రాసే తీరు గురించి ఒక్క మాట. "గౌరవనీయులైన సార్, మీ గొప్ప పరిశోధనకు ఆకర్షితుడినయ్యాను" అన్న ఒకే ఉత్తరాన్ని నలభై మంది ప్రొఫెసర్లకు, అందరి చిరునామాలూ అందరికీ కనిపించేలా, ఒక్క దెబ్బతో పంపిన విద్యార్థిని నాకు తెలుసు. ఒక్కరూ జవాబివ్వలేదని వాపోయాడు. మీరు ముగ్గురికే రాయండి. వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో మీకు అర్థంకాని చోటు ఏదో, మీరు నడిపి చూసినప్పుడు ఏమైందో ఎనిమిది, పది వాక్యాల్లో రాయండి. "ఒకే ఆకు ఫొటోలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడుతున్నాయని గమనించి మళ్లీ విడదీసి చూశాను, అంకె ఇంత తగ్గింది" అన్న ఒక్క వాక్యం, మీ మార్కుల జాబితా చెప్పలేనిది చెబుతుంది.

ప్రశ్న: మాది కడపలో డిగ్రీ కాలేజీ. బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. మా ల్యాబులో జీపీయూ (ఏఐ లెక్కలను వేగంగా చేసే చిప్) లేదు, నెట్ కూడా అంతంత మాత్రమే. ఇప్పుడు పరిశోధనంతా ఏఐలోనే జరుగుతోందంటున్నారు, దానికి కోట్ల రూపాయల యంత్రాలు కావాలంటున్నారు. మాలాంటివాళ్లం చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక విద్యార్థి, కడప

జవాబు: పెద్ద మోడల్‌ను తయారు చేయడానికి కోట్లు కావాలి. తయారైన మోడల్ మన దగ్గర ఎలా పనిచేస్తోందో కొలవడానికి అక్కర్లేదు, పైగా ఆ కొలత కోట్లున్నవాళ్ల కంటే మీరే బాగా చేయగలరు. ఉదాహరణ చెబుతాను.

మాటను విని రాసే విస్పర్ అనే మోడల్‌ను ఓపెన్‌ఏఐ సంస్థ 2022లో ఉచితంగా విడుదల చేసింది; అందులో తెలుగు కూడా ఉంది. దాని చిన్న రకాలు మామూలు ల్యాప్‌టాప్‌లో నెమ్మదిగానైనా నడుస్తాయి. కాస్త పెద్దవాటికి, నెట్‌లోనే ప్రోగ్రాంలు నడుపుకునే గూగుల్ కోల్యాబ్‌లో పరిమితంగా ఉచిత జీపీయూ దొరుకుతుంది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల కోసం చేసిన మోడళ్లు కూడా బహిరంగంగానే ఉన్నాయి. ఇవి ఎంత బాగా పనిచేస్తాయో చెప్పడానికి వాడే కొలమానం పేరు వర్డ్ ఎర్రర్ రేట్. అసలు మాటల్లో ఎన్ని మారాయో, ఎన్ని తప్పిపోయాయో, ఎన్ని అదనంగా వచ్చి చేరాయో కూడి, అసలు మాటల సంఖ్యతో భాగిస్తారు.

ఇంగ్లిష్‌కు ఇది ఫరవాలేదు. తెలుగులో ఏమవుతుందో చూడండి. మనిషి "ఏమన్నాడంటే" అన్నాడు, యంత్రం "ఏమి అన్నాడంటే" అని రాసింది. చదివేవాడికి తేడా ఏమీ లేదు. లెక్కలో మాత్రం ఒక మాట మారింది, ఒక మాట అదనంగా వచ్చింది, అసలు ఉన్నది ఒక్క మాట. కాబట్టి తప్పు 200 శాతం! ఇప్పుడు మీ ఊరి మాట తీసుకోండి. మీ అవ్వ "వాడు యాడికి పోతాండాడో తెల్దు" అంది. యంత్రం "వాడు ఎక్కడికి పోతున్నాడో తెలీదు" అని రాసింది. నాలుగు మాటల్లో మూడు తప్పు, అంటే 75 శాతం తప్పు. అవ్వ చెప్పిన సంగతి ఒక్కటీ పోలేదు. అవ్వ యాస మాత్రం పోయింది. అది తప్పా, ఒప్పా? వార్తల వీడియోకు అక్షరాలు వేసేవాడికి ఒప్పు, జానపద కథలు సేకరించేవాడికి పెద్ద తప్పు. ఇక నిజంగానే వినిపించక, "చేనికాడ" అన్నదాన్ని ఇంకేదో అని రాసిన తప్పులు వేరే ఉంటాయి.

ఇక్కడ పరిశోధన ప్రశ్న దానంతటదే తయారైంది. కడప జిల్లా మాటను యంత్రం రాసినప్పుడు వచ్చే తప్పుల్లో, సంధి, ఖాళీల వల్ల కొలమానం తప్పుగా లెక్కించినవి ఎన్ని? యాసను పుస్తకాల భాషలోకి మార్చినవి ఎన్ని? నిజంగా తప్పుగా విన్నవి ఎన్ని? గంటసేపు మాటలు రికార్డు చేసి, చేత్తో రాసి, ఒక్కో తప్పునూ మీరొకరు, మీ స్నేహితుడొకరు ఒకరిది ఒకరు చూసుకోకుండా మూడు డబ్బాల్లో ఏదో ఒకదాంట్లో వేయండి. మీ ఇద్దరికీ ఎన్నిచోట్ల పొసగలేదో కూడా లెక్కపెట్టి రాయండి. గంట మాటను రాయడం గంట పని కాదు. ఒక్కో నిమిషానికి పది నిమిషాలు పట్టినా ఆశ్చర్యపోకండి. రికార్డు చేసేముందు మాట్లాడేవాళ్లకు ఇది ఎందుకో వివరంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం మరవద్దు. మన అవ్వే కదా అని ఊరుకోవడం కుదరదు.

ఇలాంటి పనిని ఎవరు పట్టించుకుంటారు అంటారేమో. ద్రావిడ భాషల సాంకేతికత కోసమే 2021 నుంచి అంతర్జాతీయ సదస్సులకు అనుబంధంగా ఒక వర్క్‌షాపు జరుగుతోంది. అందులో నిర్వాహకులే డేటా ఇచ్చి పెట్టే పోటీలు కూడా ఉంటాయి. సమాచార అన్వేషణ మీద మన దేశంలో 2008 నుంచి జరుగుతున్న ఫైర్ సదస్సులోనూ అలాంటి పోటీలుంటాయి. చిన్న కాలేజీల పిల్లలకు ఈ పోటీలు మంచి ప్రవేశద్వారం. డేటా కోసం తిరగనక్కర్లేదు, గడువు కచ్చితంగా ఉంటుంది, చివర్లో మీ పద్ధతిని పేపర్‌గా రాసి పంపితే సమీక్షకులు చదివి తప్పులు చెబుతారు. భాషా సాంకేతికత మీద వచ్చిన వేలాది పేపర్లు ఏసీఎల్ ఆంథాలజీ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. నెట్ సరిగా లేకపోతే పది పేపర్లు ఒకేసారి దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

అసలు యంత్రమే అక్కర్లేని పరిశోధన కూడా ఉంది. డేటా స్ట్రక్చర్స్ పాఠంలో హ్యాష్ టేబుల్ (సమాచారాన్ని గళ్లలో దాచి, మళ్లీ త్వరగా వెతికి తీసే ఏర్పాటు) చదివే ఉంటారు. టేబుల్ 99 శాతం నిండాక, మిగిలిన ఆ ఒక్క శాతం ఖాళీల్లో ఒకటి వెతికి పట్టుకోవడానికి ఎన్ని చోట్ల తడమాలి అన్న లెక్క గురించి ఆండ్రూ యావో 1985లో ఒక ఊహ ప్రతిపాదించారు. ఆ లెక్క కంటే తక్కువ తడుములాటతో పని జరిగే పద్ధతి ఉండదని నలభై ఏళ్లు అందరూ అనుకున్నారు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థిగా ఉండగా ఆండ్రూ క్రాపివిన్ మొదలుపెట్టిన పని, ఇద్దరు పెద్ద పరిశోధకులతో కలిసి 2025లో పేపర్‌గా బయటికి వచ్చి, ఆ ఊహ సరికాదని తేల్చింది. మొదలుపెట్టే నాటికి ఆ అబ్బాయికి యావో ఊహ సంగతే తెలియదట. తెలిసి ఉంటే ప్రయత్నించేవాడు కాదేమో! అతనికి దొరికిన విశ్వవిద్యాలయం, గురువులు మనకు లేరు, అది నిజమే. కానీ అతను కుస్తీపట్టిన పాఠం మాత్రం మీ రెండో సంవత్సరం సిలబస్‌లో ఉన్నదే.

ప్రశ్న: కర్నూలు జిల్లాలోని ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. వారానికి 18 పీరియడ్లు, పైన ఫైళ్ల పని. ఇంకా పీహెచ్‌డీ పూర్తికాలేదు. యాజమాన్యం ఏటా పేపర్లు చూపించమంటోంది. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు పరిశోధన చేస్తామని వెంటపడుతున్నారు. వాళ్లకు న్యాయం చేయగలనా అని భయంగా ఉంది.
— ఒక అధ్యాపకుడు, ఆదోని

జవాబు: భయపడుతున్నారంటే చేయగలరనే నా అభిప్రాయం. భయం లేనివారి దగ్గర పిల్లల పేర్లతో వచ్చిన పేపర్లు చాలానే చూశాను.

ముగ్గురినే తీసుకోండి, అదీ రెండో సంవత్సరం చివర్లో. నాలుగో సంవత్సరంలో మొదలుపెడితే ప్లేస్‌మెంట్లు, ఇంటర్న్‌షిప్ మధ్య ఆ పని నలిగిపోతుంది. వారంలో ఒక గంట, ఏది ఏమైనా కదలని గంట, పెట్టుకోండి. మొదటి మూడు నెలలు కొత్తది ఏదీ చేయించకండి. కోడ్, డేటా రెండూ బహిరంగంగా ఉన్న ఒక చిన్న పేపర్‌ను ఎంచుకుని, అందులోని ఒకే ఒక పట్టికలో ఉన్న అంకెలు మీ ల్యాబులో మళ్లీ వస్తాయేమో చూడమనండి. తరచుగా అవి రావు. ఎందుకు రాలేదో వెతికేటప్పుడు పిల్లలు నేర్చుకునేది, ఐఐటీలు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు మూడు చేసినా రాదు. ఆ కోర్సులు చేయవద్దని నేననను, చేయాలి, కానీ అవి పాఠాలు. మీకు పీహెచ్‌డీ లేకపోవడం ఈ పనికి అడ్డు కాదు. "నాకూ తెలియదు, పద చూద్దాం" అనగలగాలి. మన కాలేజీల్లో ఆ మాట అనడం కొంచెం కష్టమే అనుకోండి.

సమయం గురించి: ఎలాగూ చేయించాల్సిన పనుల్లోనే దీన్ని కలపండి. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలో రెండో సంవత్సరం తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా. ఇల్లిల్లూ తిరిగి సర్వే ఫారాలు నింపి, రిపోర్టు అట్టవేసి, బీరువాలో పెట్టే బదులు, ఆ తిరుగుడునే డేటా సేకరణగా మార్చుకోండి. ఆదోని పత్తి మార్కెట్, కర్నూలు ఉల్లి మార్కెట్ మీకు పక్కనే ఉన్నాయి. మార్కెట్లలో రోజూ పలికిన ధరలను అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ పోర్టల్ ప్రకటిస్తుంది. ఆ ధరలతో "రేపటి ధర చెప్పే మోడల్" చేయడానికి పిల్లలు ఎగబడతారు. దానికంటే ముందు, "రేపటి ధర ఇవాళ్టి ధరే" అన్న అతి మామూలు అంచనాను పక్కన పెట్టి పోల్చమనండి. పెద్ద పేరున్న మోడళ్లు దాని ముందు తేలిపోతే, పిల్లలు అది దాచకుండా రాయాలి. పోర్టల్లోని ధర, కమీషన్ దుకాణంలో రైతు చేతికిచ్చిన చీటీలోని ధర ఎంతవరకు కలుస్తున్నాయో చూడటం ఇంకా మంచి ప్రశ్న. దానికి అసలు మోడలే అక్కర్లేదు.

యంత్రాల విషయంలో చిన్న జాగ్రత్త. మా ల్యాబులో ఒకసారి రాత్రంతా నడవాల్సిన ప్రోగ్రాం పెట్టి, మానిటర్ మీద "స్విచ్ ఆపవద్దు" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించి వెళ్లాం. వాచ్‌మన్ ఆ స్విచ్ ముట్టుకోలేదు, పోతూ పోతూ మెయిన్ ఆపేశాడు. ఆయన తప్పేమీ లేదు, రోజూ చేసేదే చేశాడు. అరగంటకోసారి ఎక్కడిదాకా వచ్చిందో సేవ్ చేసేలా ప్రోగ్రాం రాయాలన్న సంగతి మాకు ఆ రాత్రి తెలిసింది.

పేర్ల విషయం మొదటి రోజే మాట్లాడుకోండి. పని చేసినవారి పేరు ఉండాలి, చేయనివారి పేరు ఉండకూడదు, ఎవరి పేరు ముందు అన్నది పని మొదలుకాకముందే తేలాలి. పై పదవిలో ఉన్నవారి పేరు కూడా చేర్చమని మీ మీద ఒత్తిడి రావచ్చు. అప్పుడు ఏం చేయాలో మీ ఉద్యోగం, మీ ఇంటి పరిస్థితి చూసుకుని మీరే నిర్ణయించుకోవాలి. విద్యార్థి పేరును మాత్రం వెనక్కి నెట్టకండి. ఏడాదికి పేపర్ రాకపోతే యాజమాన్యానికి ఏం చూపించాలి అంటారా? సరిగా నమోదు చేసిన డేటాసెట్, బహిరంగంగా పెట్టిన కోడ్, ఒక వర్క్‌షాపుకు పంపి తిరస్కరణతో పాటు వచ్చిన సమీక్షలు, ఇవి చూపించండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కానీ ఆ సమీక్షల్లో ఉన్న నాలుగు తిట్లు, మరుసటి ఏడాది మీ పేపర్‌కు పునాది అవుతాయి.

ప్రశ్న: మా అమ్మాయి ప్రొద్దుటూరులో డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్స్. మంచి మార్కులు వస్తాయి. కోచింగ్ మానేసి పరిశోధన, వేసవి ఫెలోషిప్ అంటోంది. దీనివల్ల ఉద్యోగం వస్తుందా? రెండు నెలలు ఊరు దాటి పంపాలంటే వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదు.
— ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: నేరుగా ఉద్యోగం ఇప్పించదు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ముందు పరీక్ష పెడతాయి, దానికి కోచింగ్ లాంటి సాధన ఉండాల్సిందే; కాబట్టి పూర్తిగా మానేయవద్దని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి. వారానికి ఐదారు గంటలు పరిశోధనకు చాలు. ఇంటర్వ్యూ దాకా వెళ్లాక మాత్రం, "మీ ప్రాజెక్టులో ఏది పనిచేయలేదు?" అని అడిగితే పది నిమిషాలు తడుముకోకుండా చెప్పగలిగే పిల్లలు తక్కువ. పై చదువుల సంగతి వేరు. అక్కడ దీనికి నేరుగా విలువ ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవారు నాలుగో సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చని 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన విధివిధానాల్లో ఉంది. మీ అమ్మాయి కాలేజీలో ఆ నాలుగో సంవత్సరం నడుస్తోందో లేదో, నడిపితే మార్గదర్శనం చేసే అధ్యాపకులు ఎవరో ఈ ఏడాదే ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకోండి. మూడో ఏడాది చివర్లో అడిగితే ఆలస్యమవుతుంది.

వాళ్లమ్మ గారి భయం గురించి: ఎంపిక ఉత్తరం వచ్చాక, చేరే తేదీకి ముందే ఆ సంస్థ అధ్యాపకుడికి మీ అమ్మాయి చేతనే మెయిల్ రాయించి, క్యాంపస్‌లో మహిళా హాస్టల్ గది ఇస్తారా, మెస్ ఉంటుందా, ఆ వేసవిలో ఇంకెవరైనా ఆడపిల్లలు ఉంటారా అని అడిగించండి. అడగడం తప్పు కాదు, వాళ్లకు ఇలాంటి ప్రశ్నలు అలవాటే. మొదటి రోజు తల్లిదండ్రులిద్దరూ వెంట వెళ్లి, గది, ల్యాబు చూసి, ఆ అధ్యాపకుడితో ఐదు నిమిషాలు మాట్లాడి రండి. అప్పటికీ మనసు ఒప్పకపోతే, ఈ వేసవికి కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, ఇడుపులపాయలోనో ఒక అధ్యాపకుడి దగ్గర పని దొరుకుతుందేమో ప్రయత్నించమనండి. ఫెలోషిప్‌కు వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేయవచ్చు, అప్పటికి చేతిలో చూపించడానికి ఈ వేసవి పని ఉంటుంది.